హామీపత్రంలో చేరిన కొత్త వాక్యం: కృత్రిమ మేధ కాలంలో కాపీరైటు

తెలుగు పత్రికల కథల పోటీకి ఎప్పుడైనా కథ పంపినవారికి హామీపత్రం సంగతి చెప్పనక్కర్లేదు. "ఈ కథ నా స్వీయరచన, దేనికీ అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు" అని రాసి, సంతకం చేసి, కథ వెనక జతపరచడం దశాబ్దాలుగా వస్తున్న ఆనవాయితీ. ఈమధ్య ఆ పత్రంలో మరో ముక్క చేరుతోంది: "ఏఐ సాయంతో రాసినది కాదు." పాత హామీలకూ ఈ కొత్త హామీకీ ఒక తేడా ఉంది. అనువాదం, అనుసరణ, ప్రచురణ అనే మాటలకు 1957 నాటి కాపీరైటు చట్టంలో చోటు ఉంది. హక్కుదారు అనుమతి లేకుండా ఆ పనులు చేస్తే ఏమవుతుందో కూడా అందులోనే ఉంది. "ఏఐ సాయం" అన్న మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు. అక్షరదోషాలు దిద్దించుకోవడం సాయమా, ముగింపు తట్టక నాలుగు ముగింపులు అడిగి అందులో ఒకటి ఏరుకోవడం సాయమా, లేక కథంతా రాయించుకుని పాత్రల పేర్లు మార్చుకోవడమే సాయమా అన్నది హామీ అడిగేవారు చెప్పడం లేదు, ఇచ్చేవారు అడగడం లేదు.

ఈ అయోమయం ఒక్క హామీపత్రానిదే కాదు. "ఏఐ మా రచనలను దోచుకుంటోంది" అని ఒక రచయిత అన్నప్పుడు ఆ ఒక్క మాటలో నాలుగు వేర్వేరు తగాదాలు కలగలిసి ఉంటాయి. రచయిత అనుమతి లేకుండా ఆయన పుస్తకాన్ని యంత్రానికి శిక్షణ కోసం వాడారన్నది ఒకటి. యంత్రం బయటపెట్టిన పాఠం ఆయన రాసినదానిలా ఉందన్నది రెండోది. అలా బయటికొచ్చిన కొత్త పాఠం మీద హక్కు ఎవరిదన్నది మూడోది. అసలు కాపీరైటు పరిధిలోకే రాని గొంతు, ముఖం, శైలి వంటివాటిని అనుకరించారన్నది నాలుగోది. వీటిలో ఒకదానికి వర్తించే న్యాయం ఇంకోదానికి వర్తించదు. ఒకదానిలో గెలిచినవారు మరోదానిలో ఓడిపోవచ్చు, ఇప్పటికే కొన్ని దేశాల్లో అలా జరిగింది కూడా.

ముందుగా చట్టం దేన్ని కాపాడుతుందో తెలియాలి. కాపీరైటు ఆలోచనకు ఉండదు, ఆ ఆలోచన తొడుక్కున్న రూపానికి ఉంటుంది. అమెరికా వెళ్లిన కొడుకు ఫోను కోసం రాత్రిళ్లు మేలుకుని కూర్చునే తల్లి కథ ఎవరైనా రాయవచ్చు, ఇప్పటికి వందలమంది రాశారు. వారిలో ఒకరు రాసిన సన్నివేశాల వరస, సంభాషణ, వాక్యాలు మాత్రం ఆ ఒక్కరివే. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చిచెప్పింది. ప్రాంతీయ దురభిమానం మీద తాను రాసిన నాటకాన్ని సినిమాగా తీసేశారని నాటక రచయిత దావా వేస్తే, ఇతివృత్తం ఒకటే అయినా దాన్ని నడిపిన తీరు వేరని, రెండింటినీ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అనిపించదని కోర్టు ఆ దావాను ఒప్పుకోలేదు. ఈ రక్షణకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది. కాపీరైటు కార్యాలయంలో నమోదు చేయించుకోవడం రేపు కోర్టులో సాక్ష్యానికి పనికొస్తుందంతే. హక్కు రచయిత బతికినంతకాలమూ, ఆయన పోయిన ఏడాది ముగిశాక మరో 60 ఏళ్లూ నిలుస్తుంది. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎప్పుడో అందరి సొత్తయ్యాయి. 1983లో కన్నుమూసిన శ్రీశ్రీ రచనల మీద హక్కు 2043 చివరి దాకా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికినంత మాత్రాన రెండూ ఒక గాటన కట్టదగినవి కావు.

శైలి మాట ఇక్కడే తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే రచయితల కోపంలో పెద్ద భాగం దాని చుట్టూనే తిరుగుతుంది. ఫలానా కవి ధోరణిలో వానమీద ఒక కవిత రాయమని చాట్‌బాట్‌ను అడిగితే అది రాసిపెడుతుంది. ఆ కవి వాక్యం ఒక్కటీ అందులో లేకపోతే కాపీరైటు చట్టం దాన్ని పట్టించుకోదు. వినడానికి చేదుగా ఉన్నా, ఇంకోలా ఉంటే మన సాహిత్యానికే ఇబ్బంది. ఒకరి నడకను మరొకరు పట్టుకోవడం నేరమైతే జరుక్‌శాస్త్రి పేరడీలు మనకు ఉండేవి కావు, భావకవుల వెనక నడిచిన కవుల్లో సగం మంది కోర్టు బోను ఎక్కేవారు. అయితే ఆ కవిత కింద ఆ కవి పేరే పెట్టి పుస్తకం అమ్మితే సంగతి వేరు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడాన్ని అడ్డుకునే న్యాయసూత్రాలు కాపీరైటుకు బయట ఉన్నాయి, కోర్టులు వాటిని వాడుతూనే ఉన్నాయి.

ఇప్పుడు మొదటి తగాదాకి, అంటే శిక్షణకి వద్దాం. చాట్‌బాట్ వెనక పనిచేసే యంత్రాన్ని, అంటే భాషా మోడల్‌ను తయారుచేసేవారు ముందు ఇంటర్నెట్ నుంచి, పుస్తకాల నుంచి, పత్రికల నుంచి అపారమైన పాఠాన్ని తమ కంప్యూటర్లలోకి దించుకుంటారు. తర్వాత దాన్ని చిన్న ముక్కలుగా విడగొడతారు. "వెళ్ళిపోయిందట" అనే మాట మనకు ఒక్క మాటే గానీ యంత్రానికి చాలాసార్లు నాలుగైదు ముక్కలై చేరుతుంది. ఒక ముక్క తర్వాత ఏ ముక్క వస్తుందో ఊహించమని యంత్రాన్ని అడగడం, తప్పినప్పుడల్లా దాని లోపలి అంకెలను రవ్వంత సవరించడం, ఇదే పనిని కోట్లసార్లు చేయడం, శిక్షణ అంటే స్థూలంగా ఇంతే. అంతా అయ్యాక మోడల్‌ను విప్పిచూస్తే అందులో పుస్తకాలు కనిపించవు, అంకెల బారులు కనిపిస్తాయి. "మేము పుస్తకాన్ని దాచుకోలేదు, చదివి నేర్చుకున్నాం" అని కంపెనీలు వాదించేది దీన్ని ఆధారం చేసుకునే. కానీ ఆ చదువు మొదలుకావాలంటే ముందు ఒక నకలు దిగాలి. మన చట్టంలోని 14వ సెక్షన్ రచనను ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఏ మాధ్యమంలో భద్రపరచడాన్నైనా హక్కుదారుకే ఉన్న హక్కుల్లో ఒకటిగా చెబుతుంది. కాబట్టి నకలు చేశారా లేదా అన్న దగ్గర పెద్దగా వాదన నిలవదు. ఆ నకలుకు చట్టంలో మినహాయింపు ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మినహాయింపుల జాబితా 52వ సెక్షన్‌లో ఉంది. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వర్తమాన సంఘటనల వార్తలు, విద్యాబోధన వంటి పనులకు పరిమితంగా వాడుకోవచ్చునని అది ఒక్కొక్కటిగా చెబుతుంది. అమెరికా చట్టంలోని ఫెయిర్ యూజ్ ఇలాంటి జాబితా కాదు. వాడకం ఉద్దేశం, మూలరచన స్వభావం, తీసుకున్న భాగం ఎంత, మూలరచన మార్కెట్ మీద పడే దెబ్బ అనే నాలుగు కొలతలతో ఎలాంటి కొత్త వాడకాన్నైనా అక్కడి జడ్జి తూచవచ్చు. మన జడ్జికి అంత వెసులుబాటు లేదు. లాభం కోసం మోడల్ అమ్ముకునే కంపెనీ చేసే పనిని జాబితాలోని "సొంత వాడకం, పరిశోధన" అన్న మాటల కిందికి తేవడం నాకైతే మాటను సాగదీయడంలాగే కనిపిస్తుంది. ఈ విషయంలో అమెరికా తీర్పు ఒకటి చూపించి మన దేశంలోనూ అంతేనని రాసేస్తున్న వ్యాసాలు చాలా వస్తున్నాయి. అక్కడి తాళంచెవి ఇక్కడి తాళానికి పట్టదు.

ఈ ప్రశ్న మన దేశంలో ఢిల్లీ హైకోర్టు ముందుకు వచ్చింది. వార్తాసంస్థ ఏఎన్ఐ 2024 నవంబరులో చాట్‌జీపీటీ తయారీదారు ఓపెన్‌ఏఐ మీద దావా వేసింది. కోర్టు నాలుగు ప్రశ్నలను విడదీసింది. శిక్షణ కోసం వార్తలను భద్రపరచడం ఉల్లంఘన అవుతుందా. వాడకందారులకు జవాబులు ఇవ్వడానికి వాటిని వాడటం ఉల్లంఘన అవుతుందా. ఇది 52వ సెక్షన్ మినహాయింపు కిందికి వస్తుందా. సర్వర్లు అమెరికాలో ఉండగా విచారించే అధికారం ఇక్కడి కోర్టుకు ఉందా. ఇద్దరు నిపుణులను కోర్టు తనకు సహాయకులుగా నియమించుకుంది. పుస్తక ప్రచురణకర్తల సమాఖ్య, డిజిటల్ వార్తాసంస్థల సంఘం, సంగీత పరిశ్రమ ప్రతినిధులు తామూ ఇందులో మాట్లాడతామంటూ వచ్చారు. నాలుగో ప్రశ్న సాంకేతికంగా కనిపించినా తేలిగ్గా తీసేయదగింది కాదు. నకలు దిగింది పరాయి దేశంలో, నష్టపోయింది ఇక్కడి హక్కుదారు, జవాబు చదివేది ఇక్కడి పాఠకుడు. వీటిలో దేన్ని బట్టి కోర్టు పరిధి నిర్ణయమవుతుందన్నది తేలితే రేపు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న రచయిత ఎక్కడ దావా వేయాలో కూడా తేలుతుంది.

అమెరికా అనుభవాన్ని యథాతథంగా ఎత్తుకోలేకపోయినా, దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. 2025 జూన్‌లో రచయితలు ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ మీద వేసిన కేసులో జడ్జి విలియం ఆల్సప్ ఒక గీత గీశారు. కంపెనీ డబ్బిచ్చి అచ్చు పుస్తకాలు కొని, అట్టలు ఊడదీసి, పేజీలు స్కాన్ చేసి శిక్షణకు వాడుకోవడం ఫెయిర్ యూజే అన్నారు. అదే కంపెనీ పైరసీ సైట్ల నుంచి 70 లక్షలకు పైగా ప్రతులను దించుకుని గ్రంథాలయంలా దాచుకోవడం మాత్రం ఫెయిర్ యూజ్ కాదన్నారు. తగాదా 150 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది, పుస్తకానికి సుమారు 3,000 డాలర్ల లెక్కన. అదే నెలలో ఫేస్‌బుక్ యజమాని మెటా మీద వచ్చిన కేసులో జడ్జి విన్స్ ఛాబ్రియా కంపెనీ పక్షానే తీర్పు ఇచ్చారు గానీ, యంత్రం రాసిన పుస్తకాలు మార్కెట్‌ను ముంచెత్తి అసలు రచయితల అమ్మకాలను చంపేస్తే అది ఫెయిర్ యూజ్‌కు అడ్డు అవుతుందని, ఈ కేసులో రచయితలు ఆ వాదనను సరిగ్గా రుజువు చేయలేకపోయారని అన్నారు. రెండు తీర్పులూ కంపెనీల గెలుపుగానే పత్రికల్లో వచ్చాయి. చదివితే అవి అంత సూటిగా లేవు.

ఆ 150 కోట్ల డాలర్ల రాజీలో మనకు పనికొచ్చే విషయం అంకె కాదు, అర్హత. పరిహారం దక్కాలంటే పుస్తకానికి ఐఎస్‌బీఎన్ వంటి సంఖ్య ఉండాలి, ప్రచురించిన అయిదేళ్ల లోపు అమెరికా కాపీరైటు కార్యాలయంలో నమోదై ఉండాలి, అది కూడా కంపెనీ ప్రతిని దించుకోకముందో లేదా ప్రచురణ జరిగిన మూడు నెలల లోపో జరిగి ఉండాలి. సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించి, సగం మిత్రులకు పంచి, మిగతావి పుస్తకాల పండుగలో అమ్ముకునే తెలుగు రచయితల్లో వాషింగ్టన్‌లో పుస్తకం నమోదు చేయించినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. హక్కు లేక కాదు. అంతర్జాతీయ ఒడంబడికల వల్ల మన రచనల మీద మన హక్కు అక్కడా చెల్లుతుంది. కాగితం లేక వాటా రాదు.

మన ప్రభుత్వం వేరే దారి ఆలోచిస్తోంది. కాపీరైటు వ్యవహారాలు చూసే డీపీఐఐటీ విభాగం 2025 ఏప్రిల్‌లో ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం తొలి నివేదిక డిసెంబరులో వచ్చింది. చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న ఏ రచననైనా కంపెనీలు శిక్షణకు వాడుకోవచ్చు, వద్దనే హక్కు రచయితకు ఉండదు, దానికి బదులుగా కంపెనీలు రాయల్టీ కట్టాలి, ఆ సొమ్మును ఒకే కేంద్ర సంస్థ వసూలుచేసి పంచాలి అన్నది దాని సారాంశం. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ తరఫున నాస్కామ్ దీన్ని వ్యతిరేకించింది. శిక్షణకు మినహాయింపే కావాలంది. జపాన్ 2018లో చేసిన సవరణ అలాంటి మినహాయింపునే ఇచ్చింది. యూరప్ 2019 ఆదేశంలో మినహాయింపు ఇస్తూనే హక్కుదారు "వద్దు" అని చెప్పుకునే వీలు పెట్టింది. వద్దనే హక్కు తీసేసి డబ్బు ఇస్తామనే మన ప్రతిపాదన ఈ రెండింటికీ భిన్నమైనది. దినపత్రికలకు, పాటల కంపెనీలకు ఇది లాభసాటి కావచ్చు. పాటల రచయితలకు రాయల్టీ వసూలుచేసి పంచే ఐపీఆర్‌ఎస్ వంటి సొసైటీ ఉంది, వారికి లెక్కలు చూసుకోవడం అలవాటు. కథకులూ కవులూ అనువాదకులూ ఒక సంఘం ద్వారా రాయల్టీ అందుకోవడం మన దగ్గర వాడుకలోనే లేదు. తమ వాటా వందల్లో ఉందో పైసల్లో ఉందో తెలిసేందుకైనా రచనల పట్టిక ఒకటి కావాలి. తెలుగులో ఎవరి కథ ఏ పత్రికలో ఏ ఏడాది వచ్చిందన్న సమాచారాన్ని కూడగట్టినవారు సొంత తపనతో పనిచేసిన సేకర్తలే తప్ప ప్రభుత్వాలు కావు.

రెండో తగాదా బయటికి వచ్చే పాఠానిది. యంత్రం పుస్తకాలను దాచుకోదన్న మాట చాలావరకు నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఒకే పాఠం శిక్షణ సామగ్రిలో మళ్లీ మళ్లీ వస్తే యంత్రానికి అది కంఠతా వచ్చేస్తుంది. 2025 నవంబరులో వారం రోజుల తేడాతో యూరప్‌లో రెండు తీర్పులు ఈ విషయం మీదే ఎదురుబొదురుగా వచ్చాయి. ఫొటోల సంస్థ గెట్టీ ఇమేజెస్ వేసిన కేసులో లండన్ హైకోర్టు, మోడల్‌లో బొమ్మలు నిల్వ ఉండవు కనుక మోడల్‌నే నకలు అనలేమంది. జర్మన్ పాటల హక్కుల సంస్థ గేమా వేసిన కేసులో మ్యూనిక్ కోర్టు, తొమ్మిది పాటల సాహిత్యం అడగ్గానే బయటికి వస్తోంది కనుక అది మోడల్‌లో ఉన్నట్టే, అది నకలే అంది. తెలుగులో ఈ రెండో తీర్పు వాసన తగిలేది మొట్టమొదట సినిమా పాటలకే. ఒక కథ ఒక పత్రికలోనో ఒక సంపుటిలోనో ఉంటుంది. జనం పాడుకునే పాట మాత్రం ఇరవై లిరిక్స్ సైట్లలో, వీడియోల కింద, అభిమానుల పేజీల్లో ఉంటుంది. వేమన పద్యమూ అలాగే ఉంటుంది గానీ దానికి హక్కుదారు లేరు, పాటకు ఉన్నారు. ఇంకో చిక్కు ఉంది. యంత్రం పల్లవి సరిగ్గా అప్పజెప్పి చరణంలో సొంత మాటలు చొప్పిస్తే, పూర్తి నకలు కాదు కనుక హక్కుదారు నోరు మెదపలేరని కొందరు అనుకుంటారు. పాటలో ప్రధాన భాగం ఎత్తుకుంటే ఉల్లంఘనే. పైగా 57వ సెక్షన్ ప్రకారం తన రచనను వక్రీకరించి పేరుకు భంగం తెస్తే అడ్డుకునే నైతిక హక్కు రచయితకు, హక్కులన్నీ నిర్మాతకు అమ్మేసిన తర్వాత కూడా మిగులుతుంది.

మూడో ప్రశ్న, యంత్రం చేసిన పని ఎవరిది అన్నది. ఇక్కడ మన చట్టంలో ఒక విచిత్రం ఉంది. 1994 సవరణలో, కంప్యూటర్ సృష్టించిన రచనకు "అది సృష్టి కావడానికి కారకుడైన వ్యక్తి" కర్త అని 2వ సెక్షన్‌లో చేర్చారు. అప్పటికి ఇలాంటి యంత్రాలు ఎవరి ఊహలోనూ లేవు. ఆ మాట నేడు ఎవరికి వర్తిస్తుంది? ప్రాంప్ట్, అంటే యంత్రానికి ఇచ్చే ఆదేశం, టైపు చేసినవారికా, మోడల్ తయారుచేసిన కంపెనీకా? 2020లో "సూర్యాస్త్" అనే చిత్రానికి న్యాయవాది అంకిత్ సాహ్నీ తనతోపాటు "రాఘవ్" అనే ఏఐ అప్లికేషన్‌ను కూడా సహకర్తగా చూపించి మన కాపీరైటు కార్యాలయంలో నమోదు సాధించారు. మరుసటి ఏడాది అదే కార్యాలయం ఆ నమోదును వెనక్కి తీసుకుంటామని నోటీసు పంపింది. అమెరికా కార్యాలయం 2023లో అదే చిత్రానికి నమోదు నిరాకరించింది. మనిషి కాని కర్త ఉండడని అమెరికా అప్పీలు కోర్టు 2025 మార్చిలో స్టీఫెన్ థాలర్ కేసులో చెప్పింది. బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు మాత్రం 2023లో, వందకు పైగా మాటలతో ప్రాంప్టులు రాసి, కొలతలు మార్చి, చిత్రాన్ని దిద్దుకుంటూ వచ్చిన వ్యక్తికి హక్కు ఉందంది.

మన దేశంలో కొత్త తీర్పు వచ్చేదాకా పాత తీర్పే దిక్కు. ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు, ఒక పనికి కాపీరైటు దక్కాలంటే శ్రమ ఒక్కటే చాలదు, కనీసమాత్రపు సృజన, నేర్పు, వివేచన కనిపించాలంది. ఆ కొలత చిన్న ప్రచురణకర్తకు ఎలా తగులుతుందో చూడండి. నవల ముఖచిత్రం కోసం చిత్రకారుడికి ఇవ్వవలసిన నాలుగైదు వేలు మిగులుతాయని ఒకరు ఒక్క వాక్యం టైపు చేసి బొమ్మ తెప్పించుకున్నారనుకుందాం. తాటిచెట్ల వెనక సూర్యుడు, అరుగు మీద ముసలమ్మ, చేతికి ఆరో వేలు, వెనక గోడ మీద ఒత్తులు తలకిందులైన తెలుగులాంటి ఏదో రాత. వేలు చెరిపి, గోడకు సున్నం వేసి అచ్చు వేయించారు. ఆరు నెలల తర్వాత మరో ప్రచురణకర్త అదే బొమ్మను తన పుస్తకం మీద వేసుకుంటే, మొదటాయన ఏ హక్కుతో ఆపగలరు? వాక్యం ఒక్కటే తనది. చిత్రకారుడికి డబ్బిచ్చి, రాతపూర్వకంగా హక్కు తీసుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. నాలుగైదు వేలతో ఆయన కొనుక్కోగలిగింది బొమ్మనే కాదు, దాన్ని ఇంకొకరు వాడకుండా ఆపే అధికారాన్ని కూడా. రచయితల విషయంలోనూ ఇంతే: తాను రాసిన భాగానికి హక్కు ఉంటుంది, యంత్రం రాసిన భాగానికి ఉంటుందో లేదో సందేహం. చిత్తుప్రతులు, కొట్టివేతలు, తేదీలున్న ఫైళ్లు దాచుకున్నవారికి తమ భాగం ఏదో చూపించడం సులువు.

నాలుగో తగాదా కాపీరైటు గడప బయట జరుగుతోంది గానీ తెలుగువారి చెవికి దగ్గరగా తగిలింది అదే. 2020లో మరణించిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును 2023 నాటి ఒక తెలుగు సినిమాలో ఏఐతో పునఃసృష్టించారని, తమ అనుమతి తీసుకోలేదని ఆయన కుటుంబం లీగల్ నోటీసు పంపింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఎ.ఆర్. రెహమాన్ ఒక తమిళ పాటలో కన్నుమూసిన ఇద్దరు గాయకుల గొంతులను వాడుకున్నారు. కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చామని చెప్పారు. గాయకుడు పాడిన రికార్డింగ్ మీద, ఆయన ప్రదర్శన మీద చట్టంలో హక్కులు ఉన్నాయి. ఆయన ఎన్నడూ పాడని కొత్త పాటను ఆయన గొంతుతో పాడించినప్పుడు నకలు చేసిన రికార్డింగ్ ఏదీ బయట కనిపించదు. అందుకే కోర్టులు వ్యక్తిత్వ హక్కుల దారి పట్టాయి, అంటే తన పేరును, ముఖాన్ని, గొంతును ఇతరులు వాడుకోకుండా ఆపే హక్కులు. 2024లో బొంబాయి హైకోర్టు అరిజిత్ సింగ్ గొంతును అనుకరించే పరికరాలను అడ్డుకుంది; 2025 సెప్టెంబరులో నాగార్జునకు ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవికి హైదరాబాద్ సివిల్ కోర్టులో మధ్యంతర ఉత్తర్వులు వచ్చాయి. వీరంతా బతికున్నవారు. సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు, అలాంటి హక్కులు మనిషితోపాటే పోతాయని, వారసులకు రావని అంది. ఆ వాదనే నిలిస్తే పోయిన గాయకుల కుటుంబాలకు నోటీసు పంపడానికి కోపం మిగులుతుంది గానీ చట్టం పెద్దగా మిగలదు.

సినిమాలో ఇంకో మెలిక కూడా ఉంది. 2025 ఆగస్టులో ఒక హిందీ చిత్రం తమిళ అనువాదాన్ని, హీరో చనిపోయే ముగింపును ఏఐతో మార్చి, అతన్ని బతికించి మళ్లీ విడుదల చేశారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, హీరో ధనుష్ బహిరంగంగా నిరసన తెలిపారు. కానీ మన చట్టంలో సినిమాకు కర్త నిర్మాత. దర్శకుడికి ఆ హోదా లేదు. నైతిక హక్కు కర్తకు ఉంటుంది కాబట్టి సినిమా మొత్తం మీద దర్శకుడు దాన్ని కోరలేడు. స్క్రీన్‌ప్లే రాసినవారు తమ రాత మీద మాత్రం కోరవచ్చు.

ఈ తీర్పులూ నివేదికలూ ఒక కొలిక్కి వచ్చేలోగా రచయిత చేతిలో ఉన్న ఆయుధం పాతదే: ఒప్పందపత్రం. మన చట్టం ఇక్కడ రచయిత వైపు ఎంత మొగ్గిందో చాలామందికి తెలియదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఈమెయిల్‌లో కథ పంపి, పారితోషికం అందుకున్నంత మాత్రాన హక్కులన్నీ పత్రికకు పోవు. 2012 సవరణ తర్వాత, ఒప్పందం నాటికి లేని లేదా వ్యాపారంగా వాడుకలో లేని మాధ్యమానికీ వినియోగ పద్ధతికీ బదిలీ వర్తించాలంటే ఒప్పందంలో దాని పేరు ప్రత్యేకంగా ఉండాలి. 2015లో "సర్వహక్కులూ ఇచ్చేశాను" అని సంతకం చేసిన నవలను ఇవాళ ప్రచురణకర్త ఏఐ కంపెనీకి అమ్మవచ్చా అంటే, ఆ సవరణను చూపించి కాదనడానికి మంచి ఆధారమే ఉంది. పత్రికల్లో ఉద్యోగం చేసేవారికి ఇంకా ఆసక్తికరమైన సంగతి 17వ సెక్షన్‌లో ఉంది. విలేకరి ఉద్యోగంలో భాగంగా రాసిన వార్త మీద యజమానికి హక్కు పత్రికలో ప్రచురించడం మేరకే. వేరే ఒప్పందం లేకపోతే మిగతా హక్కులు రాసినవారివే. యంత్రానికి శిక్షణ ఇవ్వడం పత్రికలో ప్రచురించడం కాదు గదా! ఇంతవరకు వార్తాసంస్థలే కోర్టులో కనిపిస్తున్నాయి, వార్త రాసినవారు కనిపించడం లేదు. నియామక పత్రాల్లో కొత్త క్లాజులు చేరడానికి ముందే ఆ పేజీ ఒకసారి తిరగేయడం వారికి అవసరం.

ప్రచురణ ఒప్పందం ముందుకొచ్చినప్పుడు రాయించుకోవలసింది ఒక్క వాక్యం: "ఈ రచనను ఏఐ మోడళ్ల శిక్షణకు వాడే హక్కు గానీ, అందుకు ఇతరులకు అనుమతి ఇచ్చే హక్కు గానీ ఈ ఒప్పందంలో చేరి లేదు." ఆడియో పుస్తకమైతే "యంత్రం గొంతుతో చదివించరాదు" అనో, చదివిస్తే వాటా ఎంతో ఇంకో వాక్యం. ప్రచురణకర్త ఒప్పుకోకపోవచ్చు, అడిగితే ఆయన మనసులో ఏముందో అయినా తెలుస్తుంది. మరో చిన్న గడి కూడా చూసుకోవాలి. మన ఒప్పందపత్రాల్లో "కాలపరిమితి" అని రాసి ఎదురుగా చుక్కలు పెట్టి వదిలేయడం మామూలే, తర్వాత చూసుకుందాంలే అన్న ధీమాతో. ఆ చుక్కలు అలాగే ఉండిపోతే 19వ సెక్షన్ దాన్ని అయిదేళ్లుగా చదువుతుంది. ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశం వరకేనని చదువుతుంది. అంటే 2018లో ఖాళీగా వదిలిన గడి మీద సంతకం చేసిన రచయిత హక్కులు 2023లోనే ఇంటికి తిరిగి వచ్చేశాయి, తలుపు కొట్టింది ఆయనకు వినబడలేదంతే.